రెండు కాళ్ల ఫ్లాస్కు

మా కెమిస్ట్రీ లెక్చరర్ రాఘవేందర్ సార్ మనుషుల్ని తిట్టేవారు కాదు. గాజు సామాన్ని తిట్టేవారు. శామీర్‌పేటలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు సామానుకు 2003లో నేనే ఇన్‌చార్జిని కాబట్టి ఆ తిట్లన్నీ నా చెవుల్లోనే పడేవి.

“ఏందే, ఒక్క కడుపేనా నీకు? రెండు మందులు వేర్వేరుగ ఎట్ల దాస్తవ్?” అని ఫ్లాస్కును మెడ పట్టుకుని నిలదీసేవారు. అది పలక్కపోతే ఇంకా మండిపడేవారు. “సూడుండ్రి పద్మజ మేడమ్, జవాబిస్తలేదు!”

“దానికి నోరుంటే ముందు నన్ను తిట్టేది సార్, మీ చేతికిచ్చినందుకు!” అనేదాన్ని నేను.

తిట్టి ఊరుకుంటే సరే. సంచిలో వేసుకుని తుర్కపల్లి రోడ్డులో గాజు ఊదే బాలేష్ దగ్గరికి పోయి కోయించి, అతికించేవారు. వెళ్లేవి ఫ్లాస్కులు, వచ్చేవి పెంకులు. ప్రిన్సిపాల్ అడిగితే ఏం చెప్పాలి, నా తలకాయా?

నా ఒళ్లు మండడానికి ఇంకో కారణం బాలమణి. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే ఆ పిల్లకు ఎడమ చెయ్యి లేవదు. రసాయన చర్య వేగం కొలిచే ప్రయోగంలో ఒక చేత్తో ఆసిడ్ పోస్తూ, అదే క్షణాన రెండో చేత్తో స్టాప్‌వాచ్ నొక్కాలి. క్లాసులో పక్కపిల్ల శృతి నొక్కేది. పరీక్షలో నొక్కనివ్వరు. కిందటేడు అందులోనే తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు. ఈయన చూస్తే గాజుతో తగువు పెట్టుకుని కూర్చున్నారు!

పరీక్షకు ముందు అట్టపెట్టె నిండా కొత్త ఫ్లాస్కులు తెచ్చారు. “పాతయి తీసెయ్యుండ్రి. ఇగ అందరు గివే వాడాలె.”

ఒక్కోదానికి అడుగున రెండు కాళ్లు. ఒక కాల్లో ఆసిడ్, రెండో కాల్లో ఇంకో ద్రావణం. ఫ్లాస్కును కీలుతో వంగే పలక మీద పెట్టి వంచితే రెండూ కలుస్తాయి, పలక అంచే స్టాప్‌వాచ్‌ను నొక్కేస్తుంది.

“అక్కడ ఆ పిల్ల చదువు ఆగిపోయేట్టుంటే మీకు బొమ్మలాటగా ఉందా సార్? ఉన్నవన్నీ ఎందుకు తీసేయాలి?” అని విరుచుకుపడ్డాను.

సార్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. “ఇది ఒక్క చేత్తోటి అయితది మేడమ్. ఒక్కటే చేపిస్తే ‘బాలమణి ఫ్లాస్కు’ అంటరు. అందరికిస్తే కాలేజీ ఫ్లాస్కు అయితది.”

నా కోపం రెండింతలైంది. ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవొచ్చు కదా!

పరీక్షనాడు బాలమణి తన ఫ్లాస్కు తానే వంచింది. పక్కనే నిలబడిన ఎగ్జామినర్ రీడింగులు సరిచూసి, నిండుగా మార్కులు వేసి తర్వాతి బల్లకు కదిలాడు. ఆమె చేతి సంగతి ఆయన గమనించనే లేదు.

అంతలో శృతి వచ్చి నసిగింది. “మేడమ్, నాకు గిది పరేషాన్ జేస్తాంది. పాత ఫ్లాస్కు ఒక్కటి ఇయ్యరా?”

“పాతవా? ఒక్కటీ లేదు, పో!” అని అరిచాను. పాతవన్నీ పెట్టిన అల్మారా తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.