నా చేతి బోణీ

నేను ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నది ఒక ప్రశ్న. అందులో ఉన్నవి మూడే మాటలు. విన్నవాళ్ళకు అది మామూలు పలకరింపు. దానితో ఒక మనిషి బతుకును కూల్చాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. మా అన్నకు చెప్పవలసిన అవసరం రాలేదు, ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు.

మీకెందుకు చెబుతున్నాను? నా రాతలు మీరు చదివే ఉంటారు. శకునాలు, ముహూర్తాలు, దిష్టి, వీటి మీద నిప్పులు చెరిగానని నన్ను మెచ్చుకున్నవాళ్ళలో మీరూ ఒకరు కావచ్చు. అందుకే మీకు. ఈ మాట నన్ను నమ్మినవాళ్ళకే చేరాలి. కింద పేరు పెట్టను. పెడితే ఇందులోనూ నాలుగు చప్పట్లు ఏరుకుంటానేమోనని భయం.

మాది కర్నూలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మా అన్న పల్లెలోని మెట్టభూమి కౌలుకిచ్చి పెద్దబజారులో బట్టల అంగడి పెట్టాడు. బజారు పెరుగుతున్న కాలం అది. ఊళ్ళోకి మోటారు బస్సులు రావడం మొదలైంది. నందికొట్కూరు, ఆత్మకూరు దిక్కునుంచి సంతకు వచ్చే జనం సబ్బులు, లాంతరు చిమ్నీలు, ఇంగ్లండు నుంచి వచ్చే సీమగుడ్డలు అడగడం నేర్చారు. అన్న అంగడి బాగా నడిచేది. ఆ అంగడి పైన మిద్దెగదిలో కూర్చుని నేను పత్రిక నడిపేవాణ్ణి. పత్రిక తన కాళ్ళ మీద తాను ఎన్నడూ నిలవలేదు. కింద అమ్ముడుపోయే గుడ్డ వల్ల పైన నా అక్షరాలు అచ్చయ్యేవి. ఇది మీరు గుర్తుంచుకోవాలి. నేను మాత్రం అప్పట్లో గుర్తుంచుకునేవాణ్ణి కాదు, లేదా గుర్తు లేనట్టు నటించేవాణ్ణి.

ఒక సాయంత్రం సభలో వితంతువుల గురించి మాట్లాడాను. వాళ్ళు మూలగదుల్లో ముడుచుకోరాదనీ, బజారుకు వచ్చి వ్యాపారం చెయ్యాలనీ, వాళ్ళ ముఖం అపశకునమనే సంఘం ముఖాన ఉమ్మెయ్యాలనీ గర్జించాను. నన్ను ఎవరూ అయ్యా, దొరా అనవద్దనీ, అన్నా అని పిలవమనీ కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇళ్ళకు పోయారు. ఒక్క మనిషి మాత్రం నేను చెప్పింది నిజమనుకుంది.

ఆమె పేరు రాహేలమ్మ. ఆత్మకూరు దగ్గరి పల్లెలో క్రైస్తవ కుటుంబం. మొగుడు విషజ్వరంలో పోయాడు. చిన్నప్పుడు మిషను బడిలో కుట్టుపని నేర్చుకుంది. తెల్లవారి మా మిద్దెమెట్ల కింద నిలబడి, నువ్వు చెప్పినట్టే అంగడి పెడ్తాండానన్నా అని చెప్పింది. నేను ఉబ్బిపోయాను. అన్న అంగడికి నాలుగు గడపల అవతల ఒక గది ఆమెకు అద్దెకు ఇప్పించింది నేనే. తెరిచిన రోజు పదిమంది స్నేహితులను వెంటబెట్టుకుని పోయి ఒక చేతిరుమాలు కొన్నాను. మొదటి బేరం. నా చేతి బోణీ. వితంతువు అంగడికి హేతువాది బోణీ అని నవ్వుకుంటూ అందరికీ చెప్పుకున్నాను.

ఆమె మా అన్నకు తెలియని సంగతి ఒకటి కనిపెట్టింది. అప్పటిదాకా మా బజారులో చీరలు కట్టేది ఆడవాళ్ళయినా ఎంచేది మగవాళ్ళు. మొగుడు అరుగు మీద కూర్చుని గుడ్డ తడిమి చూసేవాడు. పెళ్ళాం వీధిలో నిలబడి తల ఊపేది. రాహేలమ్మ లోపల చాప పరిచింది. ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. కుట్టి సిద్ధంగా ఉన్న రవికలు పెట్టింది. గోడకు నిలువెత్తు అద్దం ఒకటి ఆనించింది. చీర భుజాన వేసుకుని ఆడది తనను తాను నిలువునా చూసుకోవడం మా ఊళ్ళో అదే మొదలు. పల్లెల ఆడవాళ్ళు బస్సు దిగి సంతకంటే ముందు ఆ అద్దం దగ్గరికి పోయేవాళ్ళు. మగవాళ్ళు బయట బీడీలు కాలుస్తూ నిలబడేవాళ్ళు. ఏడాది తిరగకముందే పెళ్ళిబట్టల బేరం సగం ఆమె వైపు మళ్ళింది.

అన్న మొదట నవ్వాడు. తరువాత నవ్వలేదు. ఒకరోజు భోజనం దగ్గర, నీ పత్రిక ఇంక ఆ కిరస్తానామె అంగట్లో అచ్చేసుకో అన్నాడు. అన్నం రుచి పోయింది. రాహేలమ్మ మీద నాకు పుట్టిన కోపంలో న్యాయం ఏమైనా ఉందా? లేదు. ఆమె ఎవరి గిరాకీనీ దొంగిలించలేదు. లేని గిరాకీని పుట్టించింది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఇక చేసింది చెబుతాను.

ఆ వేసవిలో రాహేలమ్మ దగ్గర పెళ్ళిచీర కొన్న ఒక పిల్లకు నెల తిరక్కుండా మొగుడు పోయాడు. పొలంలో పాము కరిచింది. ఆ పిల్ల పిన్నమ్మ నాగమ్మ పొద్దున్నే మా అన్న అంగడికి వచ్చింది, విధవరాలికి పెట్టే చీర కోసం. అరుగు మీద ఇంకొందరు ఆడవాళ్ళు ఉన్నారు. నాగమ్మ ఏడుస్తూంది. నేను మెట్లు దిగి వచ్చాను. ఓదార్చబోతున్నట్టు దగ్గర నిలబడ్డాను. అడిగాను.

“పెండ్లిచీర యాడ తీసుకుంటిరి?”

నాగమ్మ ఏడుపు ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది. “ఆ రాహేలమ్మ కాడ,” అంది.

నేను “ఊఁ” అన్నాను. అంతే. మళ్ళీ మెట్లెక్కి పోయాను. అన్న గుడ్డ మడత పెడుతూ ఒక్కసారి నావైపు చూశాడు. కింద మాటలు మొదలయ్యాయి. మొదట మెల్లగా, తరువాత గట్టిగా. నేను కలం తీసుకుని కూర్చున్నాను. ఆ పొద్దు ఏం రాశానో గుర్తులేదు. అక్షరాలు మాత్రం వరస తప్పలేదు. అది బాగా గుర్తుంది.

నేను అబద్ధమాడలేదు. ఆమె ముఖం మంచిది కాదని అనలేదు. అడిగాను, అంతే. ప్రతిదాన్నీ ప్రశ్నించండి అని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. ప్రశ్నకు ఉన్న బలం ఆ బజారులో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దేన్ని కూల్చడానికి ఎక్కడ పొడవాలో ఎంతోకాలంగా సాధన చేసినవాణ్ణి. మూఢనమ్మకాన్ని నమ్మేవాడు ఈ పని చేసి ఉంటే వాడికి కనీసం భయం అనే సాకు ఉండేది. నాకు ఏ సాకూ లేదు. నేను నమ్మలేదు. నమ్మకుండానే వాడుకున్నాను.

మిగతా పని ఊరు చేసింది. మొగుణ్ణి పోగొట్టుకున్నది రోజూ ఆ అద్దంలో ముఖం చూసుకుంటుందట, అదే అద్దంలో పెళ్ళికూతుళ్ళు చూసుకుంటున్నారట. ఆ మాట చాలింది. కొన్న చీరలు వెనక్కు తెచ్చి గడప మీద పడేసి పోయారు. ఎవరో అద్దానికి పేడ కొట్టారు. పొద్దున కూరగాయలకు పోతే, కొంచెం పక్కకు నిలబడమ్మా, బోణీ కానీ అనేవాళ్ళు. తొలిబేరం ఆమె చేత్తో కాకూడదని. ఎండ ఎక్కేదాకా ఆమె గంప పట్టుకుని పక్కన నిలబడేది. మిద్దె మీదినుంచి నాకు కనిపించేది. ఆదివారం ఆమెతో కలిసి పాటలు పాడే చర్చి ఆడవాళ్ళు కూడా సోమవారం ఆమె గడప తప్పించి నడిచారు.

చివరికి ఆమె నా దగ్గరికి వచ్చింది. ఆ సంభాషణలో ఒక్క మాట కూడా నేను మరిచిపోలేదు.

“అన్నా, నువ్వు రేపు పొద్దున మా అంగట్లో బోణీ చెయ్యాల,” అంది. “ఏమీ ఎక్కువొద్దు. దారపుండ ఒకటి తీసుకో, చాలు. నలుగురూ చూస్తారు. నువ్వు కొన్యావంటే కొందరన్నా వస్తారు.”

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంటి భాష వదిలి సభాభాషలో మాట్లాడాను. “అమ్మా, బోణీ అన్నదే మూఢనమ్మకం. నా చేత్తో బోణీ చేస్తే ఆ నమ్మకాన్ని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఇది సిద్ధాంతానికి సంబంధించిన విషయం.”

“మొదటి దినం నువ్వే గదన్నా చేసింది.”

“అది నా పొరపాటు.”

ఆమె నా బల్ల మీది కాగితాల వైపు చూసింది. తరువాత, కోపం లేకుండా, లెక్క తేలని మనిషిలాగా అడిగింది.

“నమ్మేటోళ్ళు రారు. నమ్మనోడివి నువ్వూ రావు. ఇంక నేనెవురికమ్మాల?”

వాదంలో ఎన్నడూ ఓడనివాణ్ణి. “ఆలోచిద్దాం లేమ్మా,” అన్నాను. ఆమె దిగిపోయింది. చీర సంగతి మొదట అడిగింది నేనేనని ఆమెకు తెలుసా? నాగమ్మ చెప్పిందా? ఆ పొద్దు బోణీ అడగడానికి వచ్చిందా, లేక నా ముఖం చూసి తేల్చుకోవడానికి వచ్చిందా? ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. ఒకసారి తెలుసనిపిస్తుంది. ఒకసారి తెలియదనిపిస్తుంది. తెలియకుండా వచ్చి ఉంటే నేను ఇంకా నీచుణ్ణి.

వానలు పడేలోగా ఆమె అంగడి మూసింది. సామాను అమ్ముడుపోతుంటే మా అన్న ఆ అద్దం కొన్నాడు. పేడ కడిగించి మా అంగట్లో నిలబెట్టాడు. చాప పరిచాడు. కుట్టిన రవికలు పెట్టాడు. ఆడవాళ్ళు వచ్చారు. అదే అద్దం. కింది మూల పగులు కూడా అదే. ఎవరూ అడగలేదు. నాగమ్మే దాని ముందు నిలబడి కొత్తచీర భుజాన వేసుకుని చూసుకుంది. అద్దంలో లేని అపశకునం రాహేలమ్మ ఒంటికి ఎలా అంటిందో నేను నిలబడి ఆ ఆడవాళ్ళను అడిగి ఉండవచ్చు. అదీ ఒక ప్రశ్నే. అడగలేదు. పైగా సభలకు పోయేముందు ఆ అద్దం ముందే తలపాగా సర్దుకునేవాణ్ణి. నిలువుగా, బాగా కనిపించేవాణ్ణి.

ఇక్కడితో ఆగి ఉంటే నన్ను పిరికివాడనో స్వార్థపరుడనో అనుకుని ఊరుకోవచ్చు. నేను ఆగలేదు. రాహేలమ్మ గురించి వ్యాసం రాశాను. పేరు చెప్పకుండా, ఒక అభాగ్యురాలు అని రాశాను. నా రాతల్లో దాన్ని మించింది లేదని ఇప్పటికీ అంటారు. కర్నూలు బజారును ఉతికి ఆరేశాను. కూరగాయలమ్మే ఆడవాళ్ళను, చర్చి ఆడవాళ్ళను, ఎవరినీ వదల్లేదు. ఆమె ఎండలో గంప పట్టుకుని నిలబడిన తీరు మిద్దె మీదినుంచి చూసినవాణ్ణి కదా, కళ్ళకు కట్టినట్టు రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఆ కన్నీళ్ళు దొంగవా? కావు. అదే నాకు అర్థం కాని భయం. చేసినవాడూ నేనే, చూసి ఏడ్చినవాడూ నేనే. ఆ ఇద్దరూ ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు, ఒకరినొకరు పలకరించుకోకుండా. చివరి వాక్యం ఒక ప్రశ్న: “ఈ మాట మొదట పుట్టింది ఏ నోట?” అది రాసి కలం కింద పెట్టినప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. వాక్యం బాగా కుదిరిందన్న తృప్తి.

ఆ వ్యాసం చదవమని ఊళ్ళు పిలిచాయి. కడపలో చదివాను. కమలాపురంలో చదివాను. కొన్నేళ్ళకు బేతంచెర్ల పిలిచింది. ద్రోణాచలంలో బండి మారి పోయాను. బేతంచెర్ల స్టేషనులో బండి ఆగినప్పుడు పట్టాల అవతల కూలీలు నాపరాయి మోస్తున్నారు. ఒకామె నెత్తి మీద చుట్టకుదురు కనిపించింది. నీలం మీద తెల్ల చుక్కల గుడ్డ, నేను బోణీ చేసిన రోజు ఆ అంగట్లో రాహేలమ్మ విప్పి పరిచిన గుడ్డ. ముఖం కంటే ముందు ఆ గుడ్డను గుర్తుపట్టాను. ముఖం నిండా రాతిదుమ్ము. కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆమె బండివైపు తిరుగుతుండగా నేను కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాను. నన్ను ఆహ్వానించడానికి వచ్చినవాళ్ళు దండతో నా పెట్టె ముందు నిలబడి ఉన్నారు. దిగి, తల వంచి దండ వేయించుకున్నాను. వంచిన తల స్టేషను దాటేదాకా ఎత్తలేదు. ఎంత వినయం ఈయనది అన్నారెవరో.

ఆ సాయంత్రం అక్కడే, ఆమె ఉన్న ఊళ్ళోనే, ఆ వ్యాసం చదివాను. చివరి ప్రశ్న దగ్గర గొంతు పెంచాను. సభలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఆ తరువాత ఆమె ఏమైందో తెలియదు. తెలుసుకోవాలంటే కష్టమేమీ కాదు, ఒక పూట ప్రయాణం. పోలేదు. అన్న పోయాడు. ఆయన కొడుకులు అంగడిని మూడంతస్తులకు పెంచారు. ఇప్పుడు ఆ వీధి పొడుగునా అద్దాలే. మొదటి అద్దం పెట్టింది మా అన్న అని ఊరు చెప్పుకుంటుంది. నేనూ కాదనలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరు రాహేలమ్మ కాదు. ఇది రాసినంత మాత్రాన ఆమె నెత్తి మీది రాయి దిగదు. అయినా పొద్దుటినుంచి రాస్తుంటే, ఎన్నో ఏళ్ళ తరువాత నా గొంతులో నా మాట నాకు వినిపిస్తోంది. అది నా స్వార్థమే. అదైనా దాచకుండా చెబుతున్నాను.

నా వ్యాసం మీ దగ్గర ఉంటే తీయండి. చివరి వాక్యం చూడండి. ఈ మాట మొదట పుట్టింది ఏ నోట? ఇన్నేళ్ళుగా చదివినవాళ్ళంతా అది జవాబు లేని ప్రశ్న అనుకున్నారు.

నా నోట.