మంచినీళ్ల కుండ దగ్గర మూడు రోజుల రాజ్యం

నా చిన్నప్పుడు మా తాతయ్యది ఒడ్డు మీద కేక వేసే పని. భీమిలి దారిలో ఉన్న మా పేటలో పెద్ద వల లాగేటప్పుడు మనుషులు రెండు జట్లుగా చెరో తాడూ పట్టుకునేవారు. ఒక జట్టుకి రెండో జట్టు మోస్తున్న బరువు తెలియదు. మధ్యలో నిలబడి, ఇటు సడలించండి, అటు లాగండి అని చెప్పే మనిషి తాతయ్య. ఆయన నోరు మూసుకుంటే వల ఒక పక్కకి తిరిగి చిరిగిపోతుంది. అలాంటి ఇంట్లో పుట్టి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఏడో తరగతిలో మా సోషల్ మాస్టారు ఎలమంచిలి నుంచి రైలూ బస్సూ మారి వచ్చేవారు. రాజులు, పార్లమెంటుల పాఠం మా బుర్రలకి ఎక్కడం లేదని, తరగతినే మూడు రోజుల పాటు రాజ్యం చేసేశారు. రాజుగా మా పక్కింటి అక్కని కూర్చోబెట్టారు. అక్క రెండుసార్లు ఫెయిలై మాతో కలిసింది. ఇక చదువు మీద మనసు పెట్టకపోతే చేపలు ఎండబెట్టే పనిలో పెట్టేస్తానని వాళ్ల నాన్న చెప్పేశాడు. అది తెలిసే మాస్టారు ఆమెకి ఆ కుర్చీ ఇచ్చారు. నలుగురితో ఒక సభ పెట్టి, మా తాతయ్య మనవరాలినని నన్ను దానికి పెద్దని చేశారు. నా మొహానికి పదవి కూడానా! జనం తమ కష్టం సభకి చెప్పాలి, సభ రాజుకి చెప్పాలి, సభ కాదంటే రాజు హుకుం ఆగిపోవాలి. నియమం అంతే.

ఎండాకాలం. రాజు చేతికొచ్చిన అసలు అధికారం మంచినీళ్ల కుండ. మొదటి రోజు అక్క అందరికీ సమంగానే పోసింది. రెండో రోజు, ముందు బెంచీలు తాగాకే వెనక బెంచీలు తాగాలని హుకుం వేసింది. చివరి బెంచీ వంతు వచ్చేసరికి కుండ అడుగు కనబడింది. వాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పుకున్నారు. రాజుతో చెబుతానన్నాను.

ఆ సాయంత్రం అక్కే నన్ను పిలిచి అడిగింది.

"ఏటే, అందరూ ఏటంటన్నారు?"

"ఏటీ నేదక్కా. అందరూ బాగానే ఉన్నారు."

సభలో మిగతా ముగ్గురూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఆ కుర్చీలో అక్క మొహం వెలిగిపోతుంటే పాడుచేయడం ఇష్టంలేక అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. కుండలోంచి చల్లటి మొదటి గ్లాసు నాకే దక్కేది. అందుకన్నాను.

మూడో రోజు చివరి బెంచీ వాళ్లు నా దగ్గరికి రాలేదు. నేరుగా రాజు దగ్గరికే పోయారు. కుర్చీ లాగేశారు, అక్క కింద పడింది, కుండ పగిలింది. ఒకడు కుండ మూత ఆమె నెత్తిన పెట్టి ఫెయిల్ రాజు, ఫెయిల్ రాజు అని మొదలుపెడితే తరగతంతా అందుకుంది. అక్క ఏడవలేదు. నా వంకే చూసింది.

"బాగున్నారన్నావు గదే," అంది. పుస్తకాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మాస్టారు వచ్చి ఎవరినీ కొట్టలేదు. నన్ను లేపి, వాళ్లు నీకు చెప్పారా, నువ్వు రాజుకి చెప్పావా అని రెండే ప్రశ్నలడిగారు. మొదటిదానికి అవునన్నాను, రెండోదానికి లేదన్నాను. అప్పుడు అసలు పాఠం చెప్పారు. కుర్చీలో కూర్చున్నవాళ్లకి చివరి బెంచీ కనబడదట, అందుకే సభట. ఉత్తుత్తి సభ పెట్టుకున్న రాజు, సభ ఉంది కదా అన్న ధీమాతో మరీ గుడ్డివాడైపోతాడట. జనం ఒకసారి చెప్పుకుంటారు, రెండుసార్లు చెప్పుకుంటారు, చెప్పి లాభం లేదని తెలిశాక సభని దాటుకుని సింహాసనం దగ్గరికే వస్తారట. చివరికి నా వైపు తిరిగి, "తిరగబడ్డోళ్లదీ తప్పే, ఈ ఆట పెట్టిన నాదీ తప్పే. కానీ రాజుని ముందు పడేసింది నువ్వేనమ్మా," అన్నారు.

మర్నాడు అక్క బడికి రాలేదు. మాస్టారు వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి బతిమాలారు. పక్కింట్లోనే ఉన్నదాన్ని, నేను మాత్రం వెళ్లలేదు. వారం తిరక్కుండానే అక్క ఒడ్డున చేపలు ఎండబెడుతూ కనిపించింది.

నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, రిటైరై గాజువాకలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంటు మీటింగులో అందరూ సరే సరే అంటుంటే నేనొక్కదాన్నే లేచి, వాచ్‌మన్ ఇంటికి నీళ్లొస్తున్నాయా అని అడుగుతాను. ఈవిడకి పనీపాటా లేదనుకుంటారు. అనుకోనీ.

అక్క ఇప్పటికీ భీమిలిలో చేపల గంప ముందు కూర్చుంటుంది. అటు వెళ్లిన ప్రతిసారీ, ఆ మొదటి గ్లాసు కోసమే అబద్ధమాడానని ఈసారైనా చెప్పేసి క్షమించమందామనుకుంటాను. అక్క నన్ను చూడగానే నవ్వి, "ఏటే, అందరూ బాగున్నారా?" అని అడుగుతుంది. ఎవరైనా అడిగే మాటే, అందులో ఏ ఎత్తిపొడుపూ లేదు. కానీ బాగున్నారక్కా అనే మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమె ముందు నా నోటి నుంచి రాలేదు.