నా జీపుకు కరెంటు ఫ్యాను

నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ పైన చదివిందంతా ఇంటి అరుగు మీద, కళ్ళజోడు పెట్టుకుని, పాత సామాన్ల కొట్లో దొరికిన ఇంజను పుస్తకాలు ఒక పక్కా, నిఘంటువు ఇంకో పక్కా పెట్టుకుని. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా జీపు ఫ్యాను సంగతి విన్నవాళ్ళలో ఎవరో ఒకరు "ఈ పని ఎవరు చేసిపెట్టారు పెద్దాయనా?" అని అడక్క మానరు. ఎవరూ చేసిపెట్టలేదు. నేనే చేశాను.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. ఏటా మా మిరపకాయల్ని జీపు వెనక చిన్న ట్రాలీ తగిలించి గుంటూరు మిర్చి యార్డుకు నేనే తోలుకెళతాను. రోడ్డు మీద జీపుకు ఏ రోగమూ లేదు. యార్డు బయట వరసలో నిలబడితేనే వస్తుంది తంటా. నాలుగడుగులు కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది. పాత ఫ్యాను ఇంజను తిప్పితే బెల్టు మీద తిరిగేది. ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. అంటే బండి ఆగి, గాలి బాగా అవసరమైన వేళకే ఫ్యాను సోమరిగా తిరుగుతుంది. రేడియేటర్ పొంగుతుంది. ఇది కనిపెట్టడానికి డిగ్రీలు అక్కర్లేదు, బానెట్ ఎత్తి కాసేపు చూస్తే చాలు.

అందుకని ట్రాలీలో బస్తాల మధ్య ఒక నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. కిందటేడు ఆ డ్రమ్మే నా పరువు తీసింది. వరసలో జీపు పొంగింది. మా ఆవిడ తమ్ముడు ట్రాలీ ఎక్కి కంగారులో నీళ్ళు ముంచబోతే డ్రమ్ము ఒరిగి రెండు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. లోపల వ్యాపారి గుమస్తా బస్తాలో చెయ్యి పెట్టి, తడి వేళ్ళు పైకెత్తి నలుగురికీ చూపించాడు.

"నీళ్ళు కొట్టుకొచ్చావా తాతా? ఈ వయసులో కూడానా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాయ విరక్కుండా బస్తాలో తొక్కేముందు నాలుగు చుక్కలు చిలకరించే తడి వేరు, తూకం పెరగడానికి కొట్టే నీళ్ళు వేరు. ఆ తేడా వాడికి తెలియక కాదు. డ్రమ్ము ఒరిగిందయ్యా అని చెప్పాను. వాడు అప్పటికే పక్క రైతు బస్తా దగ్గరికి వెళ్ళిపోయాడు. జీవితంలో ఒక్క బస్తాకీ దొంగనీళ్ళు కొట్టని మనిషిని. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తిరిగి వస్తుంటే మా బావమరిది అన్నాడు. "పాత ఇనుముకు వేసెయ్ బావా. వచ్చే ఏడు అందరితో పాటు లారీకి వేద్దాం."

"వచ్చే ఏడు ఇదే జీపులో తెస్తా. డ్రమ్ము లేకుండా తెస్తా."

"ఒకవేళ పొంగితేనో?"

"ఒక్కసారి పొంగినా నువ్వే తోలుకెళ్ళి పాత ఇనుముకు వెయ్యరా."

"మాట మీద ఉంటావా?"

"ఎప్పుడు లేను?"

అద్దంకిలో మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బెల్టు ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను పెడదామంటే, పైనుంచి కిందకు చూశాడు. "కంపెనీవాళ్ళకు తెలియనిది నీకు తెలుసా పెద్దాయనా? ఫ్యాను పీకితే ఇంజను పట్టేస్తది. అప్పుడు నా మీద పడి ఏడవమాక." కంపెనీవాళ్ళు మిరపకాయల వరసలో ఎప్పుడైనా నిలబడ్డారా అని అడుగుదామనుకున్నాను. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

గుంటూరులో పాత కార్లు విప్పేచోట ఒక చిన్న కారు ఫ్యాను దొరికింది. ముందే మా రేడియేటర్ కొలతకు అట్టముక్క కత్తిరించుకుని వెళ్ళాను కాబట్టి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. పాత రెక్కలు విప్పాను. నీళ్ళు తిప్పే పంపుకు బెల్టు కావాలి కనుక దాన్ని అలాగే ఉంచాను. రెక్కల మందం పోయేసరికి పాత బోల్టులు పొడుగైపోయి లోపల తగులుతున్నాయి. పొట్టి బోల్టులు వేశాను. ఆ బోల్టుల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. చేత్తో తిప్పి చూస్తే వేళ్ళకు తెలిసింది.

ఇక వేడి ఎక్కితే తనంతట తానే ఫ్యానుకు కరెంటు ఇచ్చే స్విచ్చి ఒకటుంటుంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడకుండా బిగించడం నా పద్ధతి కాదు. స్విచ్చికి బల్బూ బ్యాటరీ తగిలించి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, స్విచ్చిని అందులో వేలాడదీశాను. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏందయ్యా ఇది? పప్పుగిన్నెలో ఇనపముక్క ఉడకబెడతన్నావా?"

"ఉండవే, బల్బు వెలగాలి."

"వెలిగితే ఆ బల్బే తిను మధ్యాహ్నం."

నీళ్ళు మరగబోయే ముందు బల్బు వెలిగింది. దించితే, చల్లారాక ఆరిపోయింది. కొత్త గిన్నె కొనిపెట్టాకే నాకు పప్పు దొరికింది.

అన్నీ బిగించి కరెంటు ఇచ్చిన రోజు ఫ్యాను హోరుమంది. మా ఆవిడ జీపుకు ఎదురుగా వచ్చి నిలబడి, "ఉక్కలో భలే హాయిగా ఉందయ్యా, గాలి మొహానికి కొడతంది" అంది. ఎంత పొంగిపోయానో! ఒక పూటంతా ఊళ్ళో చెప్పుకు తిరిగాను. అన్నానికి కూర్చున్నాక, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. గాలి ఆవిడ మొహానికి ఎందుకు కొట్టాలి? బయటి గాలిని లోపలికి లాగాలి కదా! వైర్లు అటుదిటు తగిలించానన్నమాట. మా పత్తిచేలో నుంచి తెచ్చిన దూది పింజె జీపు ముందు జాలీ దగ్గర పట్టుకుంటే ఎగిరి ఇవతల పడింది. రెండు వైర్లూ మార్చి మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి జాలీకి అతుక్కుపోయింది. పొద్దున చెప్పిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి, తప్పు చేశాననీ, ఎలా పట్టుకున్నాననీ కూడా చెప్పాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

కాయలు ఆరాయి, బస్తాలు తొక్కాం, బయలుదేరాం. డ్రమ్ము ఎక్కించలేదు. మా బావమరిది ఖాళీ డ్రమ్ము వైపూ నా వైపూ చూసి, తాగడానికి పెద్ద సీసా నిండా నీళ్ళు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

చిలకలూరిపేట దాటి గుంటూరు చేరేసరికి పది దాటింది. యార్డు ముందు వరస ఎప్పటిలాగే ఉంది. మా ముందున్న వ్యాను బానెట్ ఎత్తేశారు. మా జీపులో వేడి చూపే ముల్లు కొంచెం లేచింది. టిక్కుమని చప్పుడై, హోరుమని ఫ్యాను తిరిగింది. ముల్లు దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. నేను ఆగలేకపోయాను. దిగి వెళ్ళి పక్క ట్రాక్టరు రైతుకు మొత్తం వివరించడం మొదలుపెట్టాను. బోల్టుల దాకా వచ్చాను.

"బావా! ముల్లు పైకి పోతంది బావా!"

పరిగెత్తుకెళ్ళి చూశాను. ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది. ముల్లు మాత్రం ఎర్రగీత వైపు పోతోంది. ఫ్యూజు పోలేదు, బెల్టు తెగలేదు, మరి ఎందుకు? రేపు జీపును పాత ఇనుముకు తోలుకెళ్ళే మనిషి నా పక్కనే ఉన్నాడు. చూద్దామని జీపు ముందుకు వెళ్ళాను.

జాలీ నిండా తడి గోనెపట్టా కట్టి ఉంది.

మా వైపు ఎండాకాలం బండి వేడెక్కితే ఇది అందరూ చేసేదే. పాత ఫ్యానుకు పట్టా వదులుగా వేలాడుతూ, ఆ తడికి బండి అంతో ఇంతో చల్లబడేది. ఇది ఊరుకునే ఫ్యానా? తడి బనీను వీపుకు అంటుకున్నట్టు పట్టాను రేడియేటర్‌కు లాగేసుకుని, తన గాలికి తానే తలుపు వేసుకుంది. తాళ్ళు తెంపి పట్టా లాగి పారేశాను. ఇద్దరం తలుపులోంచి తలలు దూర్చి ముల్లునే చూస్తూ నిలబడ్డాం. ఎర్రగీతకు వెంట్రుకవాసిలో ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. ఒక్క చుక్క పొంగలేదు.

"ఏరా, పందెం గెలవాలనే కట్టావా?"

"ఛ, అంత మాటంటావా బావా! నా తాగేనీళ్ళు మొత్తం దానికే పోశా. జీపు పోతే నాకు మాత్రం బాగుంటదా? నా పెళ్ళికి ఎక్కెళ్ళింది ఇందులోనే గందా."

ట్రాక్టరు రైతు దగ్గర నీళ్ళ సీసా అడిగి తెచ్చి వాడికి ఇచ్చాను.

లోపల అదే గుమస్తా. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఒక్కొక్క బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు, గింజలు గలగలమన్నాయి. విరిస్తే ఫట్టుమని విరిగింది. "బాగా ఆరింది" అన్నాడు. కిందటేటి మాటకు క్షమాపణ చెప్పలేదు. నేను ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

వెళ్ళబోతూ జీపు వైపు చూసి ఆగాడు. ఇంజను కట్టేసి చాలాసేపయింది. తాళంచెవి నా జేబులోనే ఉంది. బానెట్ లోపల మాత్రం హోరు వినిపిస్తూనే ఉంది.

"తాతా, బండి ఆపడం మర్చిపోయినట్టున్నావు."

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది ముందుకొచ్చాడు.

"ఇంజను ఎప్పుడో ఆగిందయ్యా. అది ఫ్యాను. లోపల వేడి ఉన్నంతసేపూ తిరిగి, చల్లారాక దానంతట అదే ఆగుద్ది. కావాలంటే నిలబడి చూసుకో."

"ఎవరు పెట్టారు?"

"ఎవరో పెట్టడమేంది? మా బావే పెట్టాడు."

నేను ట్రాలీ వెనక్కి వెళ్ళి, మూతి గట్టిగానే ఉన్న ఒక బస్తాకు మళ్ళీ ముడి వేస్తూ చాలాసేపు నిలబడ్డాను.