చేసినోడి మొదటి గుక్క

ఘాటైన నల్ల బీరంటే ఇష్టపడే నేను, మొదటిసారి ఇంట్లో ద్రాక్షతో వైన్ చేసి, రుచైనా చూడకుండా భద్రాచలంలోని స్నేహితుడికి తీసుకెళ్తున్నాను. దారిలో అడవి అంచు పల్లెలో ఆగితే, ఒక కోయ పెద్దాయన తాను కాచిన ఇప్పసారా ఆకుదొప్పలో పోశాడు. ముందు తానొక గుక్క తాగి, తర్వాతే నాకిచ్చాడు.

బదులుగా నా సీసా తీసి ఆయనకు ఇంకో దొప్ప నింపాను. ఆయన తాగలేదు. నా మీద అనుమానమేమో అనుకున్నాను.

"చేసినోడు ముందు తాగాలె సారూ. గప్పుడే చుట్టానికి ఇయ్యాలె" అన్నాడు.

సీసా ఎత్తి ఒక గుక్క తాగాను. వట్టి పులుపు. సిగ్గుపడి సీసా సంచిలో పెట్టబోయాను.

ఆయన నా మొహం చూసి, దొప్ప ఎత్తి చివరి చుక్కదాకా తాగేశాడు.

"నేను మొదటిసారి కాసింది మా ఇంటామె కుక్కకు గూడ పొయ్యనియ్యలే" అంటూ ఖాళీ దొప్ప మళ్లీ చాపాడు.