జొన్నచేలో రీలు

ఆలూరు దారిలో పిట్టలు వాలకుండా జొన్నచేనికి కట్టిన క్యాసెట్ రీలు గాలికి గుయ్యిమంటే, నాకు నా తప్పే వినిపిస్తుంది.

సీడీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఏడో తరగతిలో నేనూ ఏలియా ఇంగ్లీషు రాక్ క్యాసెట్లు మార్చుకునేవాళ్లం. ఎవరి బ్యాండు గొప్పదో రోజూ వాదనే. వాళ్లన్న బెంగుళూరు నుంచి తెచ్చిన క్యాసెట్ ఏలియాకు ప్రాణం. అది నాకిచ్చిన రోజు కరెంటు లేదు. ఎండలో పెట్టి తీసిన పాత బ్యాటరీలతో విన్నాను. పాట ఈడ్చుకుంటూ సాగింది. వాళ్లు పాడేదే అంత అనుకున్నాను.

మరునాడు క్లాసులో, "ఏమప్పా ఏలియా, మీవోడు పాడతాండాడా, ఈనే బర్రె మాదిరి మూలుగుతాండాడా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అవే బ్యాటరీలతో పెడితే నా క్యాసెట్ కూడా అట్లాగే మూలిగింది.

ఆదివారం దాన్ని తీసుకుని వాళ్ల చేనికి పోయాను. అప్పటికే వాడి క్యాసెట్ రీలు కట్టెల మధ్య మెరుస్తోంది.

"తప్పు బ్యాటరీలదిరా. నీ పాట శానా బాగుండాది. ఇది నువ్వు పెట్టుకో."

వాడు నా క్యాసెట్‌లోంచి రీలు బయటికి లాగాడు. "మంచిదే. ఆ పక్కకు చాల్లేదు."

నేను రెండో కొస పట్టుకుని, వాడు చూపించిన కట్టెలకల్లా ముడులేశాను. ఏ బ్యాండు గొప్పదో వాడు మళ్లీ ఎప్పుడూ నాతో వాదించలేదు.