ఓర్వకల్లు దొనలో మూడు దుబ్బులు

మా మేనత్త వదిలిపోయిన బైబిలు మీద ఎడమచేయి పెట్టి, కుడిచేత్తో రాస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు. ఓర్వకల్లు బస్సుల్లో నేను కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. అయినా పోయిన వారం, నేనొకప్పుడు జీపు నడిపిన కాలేజీవాళ్లు పాత బీరువాలు ఖాళీ చేస్తూ, అట్టకు కుట్టిన ఓ ఎండుగడ్డి మొక్కను చూడమని నా చేతికిచ్చినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. దాని కింద వృక్షశాస్త్రం సారు రాత, ఆ రాతలో ఓర్వకల్లు పేరు, ఆ పేరు పక్కన ఇంకెవరో ఎర్రసిరాతో పెట్టిన ప్రశ్నార్థకం.

నేను జీపు నడిపే రోజుల్లో ఓ ఏడు క్రిస్మస్‌కు ఆ సారును మా ఊరి చర్చికి పిలుచుకపోయినాను. వరి పండని మా నేలలో బాలయేసు తొట్టికి గడ్డి కావాలంటే మేనత్త కొడవలి పట్టుకుని రాతిగుట్ట ఎక్కేది. అక్కడ బండల నడుమ ఎండాకాలంలోనూ నీళ్లు నిలిచే దొన ఒకటి, దాని అంచున మూడే మూడు దుబ్బుల మెత్తటి గడ్డి ఉండేవి. మొదలు దగ్గర జానెడు విడిచి కోసేది. "మొదలు జోలికి పోవద్దురా, వచ్చే ఏటికి మళ్లా మనకే కావల్ల" అని నాకెన్నిసార్లు చెప్పిందో. దేవుణ్ణి నమ్మని సారు ఆ పూట తొట్టి ముందు మోకాళ్ల మీద కూలబడి, జేబులోని భూతద్దం తీసి, తడికళ్లతో ఒక్కో పోచనూ చూస్తుంటే వెనక నుంచి ఎవరో "సారుకు ప్రభువు దొరికినాడప్పా!" అన్నారు. దొరికింది గడ్డి. కోస్తా చిత్తడినేలల్లో తప్ప ఇంకెక్కడా లేదని పుస్తకాలు చెప్పే గడ్డి, మా బండల్లో.

మరునాడు గుట్టెక్కినాం. మోకాళ్లు సహకరించక సారు సగంలోనే కూర్చుండిపోయి, ఒక్క దుబ్బును వేళ్లతో సహా తెమ్మని, మిగతావి ముట్టుకోవద్దని నన్ను పంపినాడు. తెచ్చినదాన్ని పాత పేపర్ల మధ్య పరిచి, అట్టలతో బిగించి, రోజూ పేపర్లు మారుస్తూ ఆరబెట్టినాం.

రెండు నెలలకు గడ్డిజాతులు తెలిసిన పెద్దమనుషులు వచ్చి, బతికున్న మొక్క చూపించమన్నారు. దొన అంచున బురద తప్ప ఏమీ లేదు. మేకలు పడి మొదలంటా మేసిపోయినాయని చెప్పినాను. వాళ్లలో ఒకాయన నవ్వి, "ఏం సార్, కోస్తా నుంచొచ్చే ఏ వరిగడ్డి లారీలోనో కలిసొచ్చిందేమో! మీ డ్రైవరు కోతలేనా సాక్ష్యం?" అన్నాడు. సారు మాత్రం నిదానంగా, "మా డ్రైవరు ఊరందరికీ చెబుతాడేమోగానీ, నాకు అబద్ధం చెప్పడు" అన్నాడు. ఎర్రసిరా గుర్తు ఆనాటిదే. అది చెరగకుండానే సారు రిటైరై, కాలం చేసినాడు.

మరుసటి క్రిస్మస్‌కు మేనత్త గుట్టెక్కి, ఉత్త కొడవలితో దిగొచ్చి, నావైపు ఓసారి చూసి, తొట్టిలో జొన్నచొప్ప పరిచింది. ఇప్పుడు ఆ గుట్ట సగం కంకరైపోయింది. తొట్టిలో కర్నూలు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పచ్చిక పరుస్తాండారు, దానికి దొనతో పని లేదు.

మేకల మాట రాసేటప్పుడు బైబిలు మీది చేయి తీసేసినాను. అది నేను అల్లింది. అట్టలు ఎంత ఎక్కువైతే సారుకు అంత పేరొస్తుందని మూడు దుబ్బులూ నేనే పెరికినాను. రెండింటిని చెప్పకుండా మా ఇంట్లో మంచం కింద దాచి ఆరబెడితే బూజు పట్టిపోయినాయి. నిన్న మళ్లీ కాలేజీకి పోయి, ఈ సంగతంతా ఓ కాగితం మీద రాసి, సంతకం చేసి, ఆ అట్టకు గుచ్చి వచ్చినాను. ఎవరు నమ్ముతారో తెలియదు. సారుంటే నమ్మేవాడు.