జైలరు పతకానికి రుజువు

ఎవరేం చెప్పినా ఆధారం అడగడమే వివేకమని నమ్మిన వయసొకటి ఉంటుంది. నాకది సౌదీలోని జుబైల్‌లో, పెట్రోకెమికల్ ప్లాంటు ల్యాబ్‌లో కెమిస్టుగా చేరిన కొత్తలో ముదిరింది. ఆ ఏడు పంద్రాగస్టుకు మా తెలుగువాళ్లంతా తాతల కాలపు వస్తువులతో చిన్న ప్రదర్శన పెట్టదలిచారు. ఒకాయన తన తాతగారిని కొట్టిన లాఠీ తెచ్చాడు. దెబ్బలు తిన్నవారికే లాఠీ ఎలా దక్కిందని అడిగాను. (సమాధానం రాలేదు, ఆ తరువాత ఆయన ఇంట్లో నాకు టీ కూడా రాలేదు.)

అసలు తగవు మా ప్లాంటు ఫోర్‌మన్‌తో వచ్చింది. కడప వైపు మనిషి. చేతిలో రెంచి వదలడు గనుక అందరికీ రెంచి మామ. సెలవుకు వెళ్లినప్పుడు పనిగట్టుకుని తన తాత, ఆయన మాటలో జేజినాయన, పతకాలు రెండు తెచ్చాడు: తెల్లవాళ్ల యుద్ధానికి తనంతట తాను వెళ్లినందుకు ఒకటి, తిరిగొచ్చి జైలరుగా చేసినందుకు ఒకటి.

"పంద్రాగస్టు నాడు జైలరు పతకమేంటండీ? మనల్ని చూసి నవ్వరూ!" అన్నారు మా తెలుగు సంఘం సెక్రటరీగారు.

"మీ తాతలంతా జైలుకు పోయినారు గదా సార్, మరి తాళం ఎవురేసినారు?" అన్నాడు మామ.

నకిలీవని తేలితే పీడా పోతుందని సెక్రటరీగారు వాటిని నాకప్పగించారు. తూచాను, నీటిలో ముంచాను, సాంద్రత కట్టాను. రెండూ వెండే. యుద్ధ పతకం అంచున జేజినాయన పేరు చెక్కి ఉంది. రెండోదాని మీద ఏ పేరూ లేదు. "సైనికుడన్నది రుజువైంది, జైలరన్నది కాలేదు," అని ప్రకటించాను.

సెక్రటరీగారి ముఖం వెలిగింది. "ఇంకేం! సైనికుడి పతకం ఒక్కటే పెట్టేద్దాం."

మామ రెండింటినీ జేబులో వేసుకున్నాడు. "పెడ్తే రెండూ పెట్టండి. మా నాయన సదువుకున్నెది ఆ జైలు జీతంతోనే. యుద్ధానికి పోయినోడు నాకు జేజినాయనంట, తాళమేసినోడు కాదంటనా?"

సెక్రటరీగారికి ఒప్పుకోక తప్పలేదు. చివరికి రెండూ బల్ల మీదికి వచ్చాయి. నా శాస్త్రీయ మనస్సాక్షి మాత్రం ఊరుకోక, రెండో పతకం కింద "మనవడి మాట ప్రకారం" అని చీటీ పెట్టింది. న్యాయం అందరికీ ఒకటే గనుక లాఠీ కిందా, సెక్రటరీగారి తాతగారి రాట్నం కిందా అదే పెట్టాను. సెక్రటరీగారు ఆ సాయంత్రమంతా నాకు దూరదూరంగానే తిరిగారు.

మామ మాత్రం తన చీటీని కూడబలుక్కుని చదివి, నా భుజం తట్టాడు. "శానా బాగా రాసినావు సామీ. నా మాట మీద నిలబెట్టినావు మా జేజినాయన్ను."

ఆధారం బలహీనమని హెచ్చరించడానికి రాశాను. ఆయన దాన్ని తనకు దక్కిన మర్యాద అనుకున్నాడు. సరిదిద్దబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయాను. ఆనాటి ఆ కుర్ర పరీక్షకుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పేరులేని పతకానికి నేటికీ నా దగ్గర రుజువు లేదు. అనుమానమూ లేదు.